రెండు పొరల బొచ్చు

తెల్లార్తో డ్యూటీ ఎక్కి
కొండమింద యాభై మూడు తలలు గొరిగి దిగొస్తాండా.
ఘాటు రోడ్డు మలుపు మలుపుకీ
నా కుడిచెయ్యి ఒళ్లో ఊరికే ఉండలేక
ముందు నించి ఎనక్కి, ముందు నించి ఎనక్కి
గాలిని గొరుగుతానే ఉండాది.

తలుపు తీస్తే
నాకన్నా ముందే నా పని ఇంటికొచ్చి కూసోనుండాది.
గచ్చు మింద, మంచం కోళ్ల చుట్టూ,
ఫ్యాను రెక్కల మింద, పిల్లోడి లెక్కల పుస్తకంలో,
మూతేసిన సంగటి గిన్నెలో కూడా
తెల్ల బొచ్చు.

మేడమింది రూములో ఉన్న మెడిసిను పిలకాయ
చదువైపోయి ఊరికి పోతా పోతా
"వారం రోజులక్కా" అని వదిలిపోయిన కుక్క.
ఆ వారానికి ఇప్పుడు రెండేండ్లు.
ఆ అబ్బి పెట్టిన పేరు బోరిస్. మా వీధి నోట్లో బోరుసు.
మంచుదేశం జాతంట.
జీవకోనలో ఏప్రిల్ నెల.
జానెడు నాలుక బయటేసి
బాత్రూము గడప మింద తడి కోసం పొర్లాడతా ఉంటాది.

నాకు తెలిసిన మందు ఒకటే కదా.
మిషనుకు రెండు చుక్కలు నూనేసి, పంచలో పీటేసి,
"దా బోరుసూ, గుండు కొడతా, సల్లగుంటాది"
అని మెడ పట్టుకున్నా.
మా చిన్నత్త అలవాటు కొద్దీ
"గోయిందా" అని కూడా అనేసింది.

పిల్లోడు అడ్డం పడినాడు.
పశువుల ఆసుపత్రికి ఆటో మాట్లాడినాడు.
సీటుకంటిన బొచ్చుకు ఆటోవాడు
ముప్పై రూపాయలు ఎక్కువ గుంజినాడు.

డాక్టరు షమీమమ్మ
బొచ్చును రెండుగా పాయ తీసి చూపించింది.
"ఇది రెండు పొరలమ్మా. పైది గొడుగు, లోపలిది దుప్పటి.
ఎండ ముదిరితే దుప్పటిని అదే విప్పేసుకుంటాది.
నువ్వు గొడుగును కూడా కోసేస్తే తోలు కాలిపోతాది.
మళ్లీ మొలిచినా అతుకులేసిన బొంత మాదిరి మొలుస్తాది.
తోలు ఎర్రబడినా, యాడన్నా పేట్లు పేట్లుగా ఊడినా ఎత్తుకోని రా.
లేదంటే కత్తి పెట్టొద్దు.
దువ్వు."

ఇరవై రెండేండ్ల సర్వీసులో
నన్ను కత్తి పెట్టొద్దన్నోళ్లను అప్పుడే చూడ్డం.

దువ్వడం నాకు రాదని కూడా అప్పుడే తెలిసింది.
ఈ చేతికొచ్చిందంతా తీసెయ్యడమే.
ఉండేదాన్ని ఉండనిచ్చి
పోయేదాన్ని మాత్రం రమ్మని పిలవడం
వేరే విద్య.

పొద్దు వాలినాక కానగ చెట్టు కింద గోనెపట్ట పరిచి కూసుంటాం.
చెవుల ఎనక చిక్కులు దువ్వెనకు వద్దు, వేళ్లకే.
వీపు మింద బొచ్చు వాలినట్టే పోవాల, ఎదురు పోకూడదు.
తొడల కాడ లోపొర కుచ్చులు కుచ్చులుగా వస్తాది,
పత్తికాయ పగిలినట్టు.
తోకను ముట్టుకుంటే మాత్రం
బోరుసు మూతి తిప్పి నా వైపు ఒక చూపు చూస్తాది.
గమ్మున వదిలేస్తా.
తోక రేపు.

నీళ్లు పోసిన రోజు కుదుళ్ల దాకా ఆరబెట్టాల.
లేదంటే రాత్రంతా
ఇల్లు తడి గోతాం వాసన.

గంటకు
కుక్క ఒకటి, పక్కన కుక్కంత బొచ్చు ఇంకొకటి.
"పరుపు కుట్టిచ్చుకోమే" అంటాది ఎదురింటి చెంగమ్మ.
కొండమింద ప్రతి వెంట్రుకకూ ఒక లెక్క, ఒక మూట.
దీనికి మొక్కు లేదు, టోకెను లేదు.
గోరింకొచ్చి నోటికి పట్టినంత ఎత్తుకోని పోయింది.
ఎవురినీ అడగలేదు.

నిన్న డ్యూటీలో పలమనేరు బిడ్డొకడు,
మూడేండ్లుంటాయి,
నాయన ఒళ్లో గిలగిలా కొట్టుకుంటా ఏడుస్తాండాడు.
నీళ్లు చల్లి తల పట్టుకుంటే ఉన్నట్టుండి ఆగినాడు.
నా జాకెట్టు చేతికంటిన తెల్ల వెంట్రుకను
రెండు వేళ్లతో పీకి పైకెత్తి చూసి
"ఎవురిది?" అన్నాడు.
"కుక్కది" అన్నా, సూపర్వైజరు చెవిన పడకుండా.
"దానిగ్గూడా గుండేనా?"
"లేదు నాయినా. దానికి దువ్వడమే."
రోంతసేపు ఆలోచన చేసి
"నాకూ దువ్వు" అన్నాడు.

ఎనక వరుస తోసుకొస్తాంది.
బ్లేడు గట్టు మింద పెట్టి
తడి జుట్టును వేళ్లతో
ముందు నించి ఎనక్కి ఒక్కసారి దువ్వినా.

ఆ తర్వాతే
గోయిందా.